గాచారం

మొన్న నాయన సంవత్సరీకానికి ఊరెళ్ళాం. అల్లూరు దాటి సముద్రం వైపు రోడ్డు తిరగ్గానే రొయ్యల మేత వాసన గుప్పుమంది. ఎండుచేపల పొడిలో పిండి కలిపి తడిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ వాసన. కారులో పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను అద్దం ఇంకాస్త దించాను. నా చిన్నప్పుడు మా నాయన చొక్కా అదే వాసన వేసేది. ఎన్నిసార్లు ఉతికినా పోదని అమ్మ విసుక్కునేది.

కార్యం అయ్యి భోజనాలు నడుస్తుండగా గుంటల మామ వచ్చాడు. ఒకప్పుడు మా రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉన్న మనిషి. చుట్టమేమీ కాదు, మేమలా పిలిచేవాళ్ళం. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీదే కూర్చుని, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని, "మన గాచారం పాపా, మన గాచారం. అంత మనిషి అట్టా పోయినాడు" అన్నాడు. నాకు నలభై దాటినా ఆయనకు నేనింకా పాపనే.

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. నాయన పోయినప్పుడు హైదరాబాదులో పలకరించడానికి వచ్చినవాళ్ళు చాలా చెప్పారు. ధైర్యంగా ఉండమన్నారు, అమ్మను చూసుకోమన్నారు, బీపీ ముందే చూపించుకోవాల్సిందన్నారు. అన్నీ నా మంచికే. కానీ ఏడాదిగా గొంతులో అడ్డంపడి ఉన్నదేదో గుంటల మామ నోట ఆ మాట వినగానే కదిలింది. నీళ్ళు తెస్తానని లోపలికెళ్ళి వంటింటి తలుపు వెనక నిలబడి ఏడ్చాను.

*

గాచారం మా అవ్వ మాట. అవ్వ అంటే నాయనకు అమ్మ. రోజుకొక్కసారైనా ఆ మాట ఆమె నోట వచ్చేది.

సాయంత్రం పూట మా అరుగు మీద ఆడవాళ్ళు చేరేవాళ్ళు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ ఒకరు, పిల్లకు పేలు చూస్తూ ఒకరు. చేట చరిచిన చప్పుడు, ఊకకు ఎగబడే కోళ్ళ గొడవ, మధ్యలో ఎవరిదో ఒక కష్టం.

"గేదె ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగింది మే. రెండూ దక్కలేదు."

"ఏం చేస్తాం. గాచారం."

"పాపం."

ఆ "పాపం" అనడానికి ముందు నాలుకతో చ్చొ చ్చొ అని చిన్న చప్పుడు. ఆ తర్వాత పా దగ్గర బాగా సాగదీసి, పం దగ్గర గొంతు తగ్గించి అనేవాళ్ళు. పడినవాళ్ళు గాచారం అనేవాళ్ళు, విన్నవాళ్ళు పాపం అనేవాళ్ళు. ఆ రెండు మాటల మధ్య ఎవరూ సలహా ఇచ్చేవాళ్ళు కాదు. డాక్టరును ముందే పిలవాల్సింది కదా అని ఎవరూ అనేవాళ్ళు కాదు. కాసేపు చేట చప్పుడే వినిపించేది.

నేనేమో గాచారాన్ని ఒక మనిషి అనుకున్నాను. మా ఊళ్ళో వడ్రంగి ఆచారి ఉన్నాడు, కంసాలి ఆచారి ఉన్నాడు. ఈయన కూడా అలాంటివాడే అయి ఉంటాడు. "గాచారం అడ్డమొచ్చింది" అన్నప్పుడల్లా పొడుగాటి మనిషొకడు చేతికర్ర పట్టుకుని డొంకదారికి అడ్డంగా నిలబడ్డట్టు కనిపించేది. "గాచారం కాలి" అంటే భయం వేసేది, ఎవరు కాల్చారో అని. ఒక రాత్రి అవ్వ పక్కన పడుకుని అడిగాను.

"అవ్వా, గాచారం వాళ్ళ ఊరేది?"

అవ్వ నవ్వలేదు. నిజంగానే అడిగాననుకుని నిజంగానే చెప్పింది.

"వాడికి ఊరుండదు నాయనా. తిరగతా ఉంటాడు. ఒకింట్లోనే ఉండిపోడులే, పండుకో."

*

1989 నవంబరు గాలివాన మా వైపువాళ్ళెవరూ మర్చిపోరు. థాయ్‌లాండు వైపు పుట్టి, అక్కడ ఊళ్ళూ పడవలూ ముంచి, బంగాళాఖాతం అంతా దాటి వచ్చి మా కావలి దగ్గర తీరం మీద పడిందని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఆ మోత. తిరగలి రాయిని రాతినేల మీద ఎవరో ఈడుస్తున్నట్టు రాత్రంతా అదే మోత. పెంకులు ఒక్కొక్కటే లేచి పోతుంటే మమ్మల్ని వడ్ల గాదె పక్కన కూర్చోబెట్టి మీద గోనెపట్టాలు కప్పారు. నాయన, అమ్మ తలుపుకు రోకళ్ళు అడ్డం పెట్టి వీపులు ఆనించి నిలబడ్డారు.

తెల్లారి బయటికొస్తే ఊరు ఊరులా లేదు. చింతచెట్టు వేళ్ళతో సహా పడి ఉంది. నిలబడ్డ చెట్లకేమో ఉప్పుగాలికి ఆకులన్నీ మాడిపోయి ఉన్నాయి, నిప్పు పెట్టినట్టు. పక్కింటివాళ్ళది పూరిల్లు. కప్పు ఎటు పోయిందో తెలీదు, మట్టిగోడ కూలి దాని కింద గేదె చచ్చిపోయింది. ఆ ఇంటామె గోడ దగ్గరే కూలబడి ఉంది. ఏడవడం కూడా లేదు.

మా ఇంటికి పోయింది పెంకులే. అవ్వ కొంగులో బియ్యం పోసుకుని, బురదలో ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. "మన గాచారం మే" అంది. అప్పటిదాకా గుడ్లప్పగించి చూస్తున్న మనిషి అవ్వ ఒళ్ళో తల పెట్టి బావురుమంది.

*

ఆ తర్వాత కొన్నేళ్ళకు మా వైపు రొయ్యలొచ్చాయి. టైగర్ రొయ్య. బకింగాం కాలువ పొడవునా, ఉప్పుటేళ్ళ పక్కన, ఎక్కడ చూసినా గుంటలు తవ్వారు. మా మూడెకరాల మడి కూడా గుంటలైంది.

ఆ రోజులు నాకు చప్పుళ్ళతోనే గుర్తు. డీజిలింజన్లు రాత్రంతా డుగుడుగుమనేవి. ఏరియేటర్ల రెక్కలు నీళ్ళను చిలుకుతుంటే వాన పడుతున్నట్టుండేది. నాయన నాలుగు పూటలా మేత చల్లించి, రెండు గంటల తర్వాత చెక్ ట్రే పైకి తీయించేవాడు. దోమతెర గుడ్డ కట్టిన చదరపు పళ్ళెం అది, నాలుగు మూలలా తాళ్ళు. మేత మిగిలితే రొయ్యకు ఏదో అయిందని లెక్క. అమావాస్యకూ పౌర్ణానికీ రొయ్య పెంకు మారుస్తుందని అప్పుడు మేత తగ్గించేవాళ్ళు. అందుకని నాయన కేలండరు కంటే చంద్రుణ్ణి ఎక్కువ చూసేవాడు. రాత్రి గట్టు మీద టార్చిలైటు వేస్తే నీళ్ళల్లో రొయ్యల కళ్ళు ఎర్రగా మెరిసేవి. నన్ను భుజం మీద ఎక్కించుకుని చూపించేవాడు.

మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది. ముప్పై కౌంటు, అంటే కిలోకు ముప్పై రొయ్యలు తూగాయి. అమ్మకు గాజులు, మేనమామ అప్పు సగం తీరుగడ, ఇంట్లో కలర్ టీవీ. అవ్వకు కమ్మలు.

1994 చివర్లో వైరస్ వచ్చింది. తెల్లమచ్చల తెగులు. మా గుంటల్లో అది ఎలా మొదలైందో నేను కళ్ళారా చూశాను. బడికి పోతూ నాయనకు టిఫిను ఇద్దామని గట్టు మీదికెళ్ళాను. గుంటల మామ ట్రే పైకి లాగాడు. మేత అలాగే ఉంది. పగలు అడుగునే ఉండాల్సిన రొయ్యలు గట్టు వారకు చేరి నీరసంగా ఈదుతున్నాయి. నాయన ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని తల మీది పెంకు ఒలిచి వెలుగుకు పెట్టాడు. పెంకు లోపలివైపు సున్నపు చుక్కలు చిలకరించినట్టు తెల్లటి మచ్చలు. గోటితో గీరాడు. పోలేదు. మళ్ళీ గీరాడు. టిఫిను డబ్బా అందుకోవడానికి చెయ్యి చాపలేదు.

వారం తిరక్కముందే అంతా అయిపోయింది. పట్టుబడికి మనుషులు దొరకలేదు, చుట్టుపక్కల అందరి గుంటలదీ అదే పరిస్థితి. కాకులు, కొంగలు, గద్దలు. చచ్చిన రొయ్యల కంపుకు ఊళ్ళో అన్నం తినలేకపోయాం.

నాలుగో రోజు మేనమామ వచ్చాడు. రెండో పంటకు డబ్బు సర్దింది ఆయనే. ఆయన బాధా ఆయనకుంది. "ఆశకు పోయినావు బావా. మొలగొలుకులు పండిన మడి తవ్వి ఉప్పునీళ్ళు పెట్టినావు. ఎవురు చెప్పినా వింటివా?" అని అందరి ముందూ అడిగాడు. అది అబద్ధం కాదు. మా గుంటల పక్కనున్న మంచినీళ్ళ బావి అప్పటికే ఉప్పబారింది. నాయన తల వంచుకుని గడప మీద గోటితో గీస్తూ ఉన్నాడు, ఆ రొయ్య పెంకును గీరినట్టే.

అవ్వ లోపల్నించి వచ్చింది.

"మన గాచారం అబ్బయ్యా. వాడొక్కడినే అనబాక. లాభం వచ్చినప్పుడు అందరం తింటిమి గదా."

మేనమామ ఇంకేం అనలేదు. ఆ రోజనే కాదు, తర్వాతెప్పుడూ అనలేదు. మా నాయన ఆ తర్వాత ముప్పై ఏళ్ళు తలెత్తుకుని బతికాడంటే ఆ పూట అవ్వ అన్న మాట వల్లేనని నేను గట్టిగా నమ్ముతాను. అప్పుల బాధకు ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఏమేం జరిగాయో నాకు తెలుసు.

అవ్వ అక్కడితో ఆగలేదు. చెవులకున్న కమ్మలు తీసి నాయన చేతిలో పెట్టింది. "ముందు కాపలావోళ్ళ జీతాలియ్యి. పేదోళ్ళ ఉసురు పోసుకోబాక" అంది. ఆ జీతం తీసుకున్నవాళ్ళలో గుంటల మామ ఒకడు.

*

కావలిలో డిగ్రీ చదివేటప్పుడు మా తెలుగు మాస్టారు, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు వాడే మాట ఒక్కొక్కటి రాసుకురమ్మన్నారు. నేను గాచారం రాసుకెళ్ళాను. బోర్డు మీద మాస్టారు "గ్రహచారం" అని రాసి, హ మీద ఒక గీత, ర మీద ఒక గీత కొట్టారు. ప్రాణాన్ని మన ఊళ్ళల్లో పానం అన్నట్టే ఇదీ అన్నారు.

గ్రహం అంటే పట్టుకునేది. గ్రహణం, గ్రహించడం అన్నీ ఆ పట్టు నుంచి వచ్చినవే. చారం అంటే కదలడం, తిరగడం. గ్రహచారం అంటే మొదట గ్రహాల నడక, అంతే. అందులో మంచీ లేదు చెడూ లేదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో అధ్యాయాలకు ఆదిత్యచారం, చంద్రచారం, రాహుచారం అని పేర్లు పెట్టాడు. శనిని శనైశ్చరుడు అన్నారు, మెల్లగా నడిచేవాడని. ఒక్కో రాశిలో రెండున్నరేళ్ళ చొప్పున మూడు రాశులు దాటడానికి ఏడున్నరేళ్ళు. ఏలినాటి శని లెక్క అదే. ఆకాశంలో నడకకు పెట్టిన పేరు మన ఇళ్ళల్లోకి వచ్చేసరికి చెడ్డరోజుల పేరైంది.

మాస్టారు చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. "వాడికి ఊరుండదు, తిరగతా ఉంటాడు." అక్షరం ముక్క రాని మా అవ్వ ఆ రాత్రి నాకు చెప్పింది సరిగ్గా అదే కదా.

విచారంలో ఉన్నదీ ఆ చారమేనట. సంస్కృతంలో విచారం అంటే ఆలోచన. హిందీవాళ్ళకు ఇప్పటికీ అంతే. మనకు మాత్రం దిగులు. కూర్చుని ఆలోచించగా ఆలోచించగా మిగిలేది దిగులేనని మనవాళ్ళకు అనిపించిందో ఏమో. అదృష్టం అంటే కంటికి కనపడనిది. దురదృష్టమన్నా కనపడనిదే, చెడు చేసేది. పాపం సంగతి ఇంకా వింత. అసలు అర్థం చేసిన తప్పు. హిందీలో అదే మిగిలింది. తెలుగులో, కన్నడంలో, తమిళంలో అది జాలి మాట కూడా అయింది. మలయాళంవాళ్ళయితే రెండూ విడదీసుకున్నారు, తప్పుకు పాపం, అమాయకుడికి పావం. మా వీధిలో ఒక ఖాలా ఉండేది. ఎవరి కష్టం విన్నా "బేచారా" అనేది. ఆ పారసీ మాటకు దారీతెన్నూ లేనివాడని అర్థం. అవ్వ "పాపం" అంటే ఖాలా "బేచారా" అనేది, ఇద్దరూ ఒకేసారి.

ఆ ఖాలానే, గుంటలు పోయిన మరుసటి ఏడు, అవ్వను నెల్లూరు రొట్టెల పండగకు తీసుకెళ్ళింది. బారాషహీద్ దర్గా పక్కన చెరువు నీళ్ళల్లో నిలబడి ఎవరో తెలీని మనిషి చేతి నుంచి అవ్వ ధనరొట్టె పట్టుకుంది. సగం అక్కడే తిని సగం కొంగున ముడేసుకుని నాయనకు తెచ్చింది. అప్పులు తీరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ ఏడాది అవ్వ నడవలేని స్థితిలో ఉన్నా, ఇంకొకరికి ఇవ్వాలి కదా అని రొట్టె చేయించుకుని మంచి బస్సు చూసి ఎక్కించమంది.

*

ఈ మాటను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. దానితో జరిగిన అన్యాయం కూడా మా ఇంట్లోనే చూశాను.

మా చిన్నత్త పెనిమిటి ట్రంకు రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చింది. అత్తగారివైపు పెద్దమనుషులు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. కాఫీలు తాగారు. పిల్లలకు రావాల్సిన పొలం మాట నాయన ఎత్తగానే వాళ్ళలో పెద్దాయన పైపంచె దులుపుకుని లేచాడు. "దాని గాచారం. ఎవురేం చేస్తారు" అన్నాడు. ఆ మాటన్నాక ఇక ఎవరూ ఏమీ అడక్కూడదన్నట్టు.

"దాని గాచారమైతే మీరెందుకొచ్చినారు?" అంది అవ్వ తలుపు చాటు నుంచి. అప్పటిదాకా మగవాళ్ళ పంచాయితీలో ఆమె గొంతు నేను వినలేదు.

పొలం రాలేదు. అవ్వ తన పేరున్న రెండు గదులూ చిన్నత్తకు రాసిచ్చింది. ఇప్పుడు ఆ గదుల్లోనే చిన్నత్త కొడుకు ఉంటున్నాడు. మొన్న కార్యానికి వంటంతా అతని భార్యే చూసుకుంది.

మాట ఒక్కటే. ముందు "దాని" పెడితే తలుపు మూసినట్టు. "మన" పెడితే పక్కన చాప వేసినట్టు. మనకు "మా" వేరు, "మన" వేరు. "మా ఇల్లు" అంటే వినేవాడు బయట ఉంటాడు, "మన ఇల్లు" అంటే వాడూ లోపలే. తమిళంలోనూ ఈ తేడా ఉంది. హిందీలో లేదు, ఇంగ్లీషులో లేదు. అవ్వ ఎవరి కష్టం గురించైనా "వాళ్ళ గాచారం" అనడం నాకు గుర్తులేదు. పక్కింటి గేదె మన గాచారం. నాయన గుంటలు మన గాచారం.

వైరస్ గ్రహాల వల్ల రాలేదని నాకు తెలుసు. జబ్బు సీడుతో, అంటే గుంటల్లో వదిలే రొయ్యపిల్లలతో వచ్చింది, పీతలతో వచ్చింది, ఒకరు రొయ్యలు చచ్చిన గుంట నీళ్ళు ఏట్లోకి వదిలితే ఇంకొకరు అవే నీళ్ళు మోటారుతో ఎక్కించుకోవడం వల్ల వచ్చింది. ఇప్పుడు సీడుకు పీసీఆర్ టెస్టు చేయిస్తున్నారు, పీతలు రాకుండా గుంట చుట్టూ పట్టాలు కడుతున్నారు, కాకులకు పైన దారాలు లాగుతున్నారు. టైగర్ పోయి వనామీ రొయ్య వచ్చింది. అవన్నీ చేయాల్సిందే, బావి ఎందుకు ఉప్పబారిందో అడగాల్సిందే. కానీ ఆ పూట గడప మీద గోరుతో గీస్తున్న మా నాయనకు పీసీఆర్ టెస్టు గురించి చెప్పి ఉంటే ఏమయ్యేది?

*

తిరిగొచ్చేటప్పుడు గుంటల మామ కారు దాకా వచ్చాడు. గుడ్డసంచిలో ఉడకబెట్టిన తేగలు. "మీ నాయనకు ఇష్టం పాపా. ఈ ఏడు పాతర మనమే పెట్టినాం" అని సీటు మీద పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోడని తెలిసి ఇవ్వలేదు.

ఒకప్పటి మా గుంటల పక్కగా కారు పోతోంది. అవిప్పుడు వేరేవాళ్ళవి. ఏరియేటర్లు తిరుగుతున్నాయి, మీద దారాలు ఎండకు మెరుస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన "మీ గాచారం" అనలేదు.

తేగ ఒలిచి నిలువునా చీల్చాను. మధ్యలో ఉన్న చందమామ నాకంటే నాకని పిల్లలిద్దరూ కొట్లాడుకున్నారు.